అట్టముక్క మీద ఊదా

గాజు బల్లను తడిగుడ్డతో మూడోసారి తుడిచి, చేతిలైట్లను వరుసగా పేర్చి, టార్చక్క ఎడమ కన్ను మూసుకుంది. డబ్బాల మీది అక్షరాలు చదవాలంటే ఇప్పుడు అలాగే చేయాలి. ఎడమ కంటితో ఏ అక్షరాన్ని చూస్తే ఆ అక్షరమే మాయమవుతుంది. దాని చుట్టుపక్కలవి మాత్రం బుద్ధిగా కనబడతాయి.

కన్ను అలా అయింది పోయిన ఏడాది. కొత్తగా వచ్చిన లేజరు లైట్లలో ఒకటి మరీ మసగ్గా వెలుగుతోందని మేనేజరు విసుక్కున్నాడు. "బ్యాటరీ అయిపోయిందేమో, చూడు" అన్నాడు. ఆమె చూసింది, లైటు మూతిలోకే చూసింది. బ్యాటరీ నిక్షేపంగా ఉంది. అది ఊదా రంగు లేజరు. ఊదా వెలుగు మనిషి కంటికి సరిగ్గా ఆనదని, మసగ్గా ఉన్నంత మాత్రాన బలం లేదనుకోకూడదని తర్వాత కంటి డాక్టరు చెప్పింది. మేనేజరు మాత్రం "వయసు మీద పడుతోందక్కా" అన్నాడు. యాభై నాలుగేళ్ళ వయసంతా ఒక్క కంటి మీదే, అదీ ఒక్క క్షణంలో పడిందట!

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ కొట్లో ఆమెది ఈ లైట్ల బల్లే; అందుకే అందరికీ టార్చక్క అయింది. గాజు అంచు ఒరుసుకుని నడుము దగ్గర కొట్టువాళ్ళిచ్చిన కోటు రంగు వెలిసిపోయింది. కూర్చోవడానికి స్టూలు ఇవ్వరు; అమ్మేవాళ్ళు కూర్చుంటే కొనేవాళ్ళకు మర్యాదగా ఉండదట. సాయంత్రానికి మోకాళ్ళు వాచేవి. అయినా ఆమె ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

అలాంటి మనిషికి నెల రోజులుగా ఒళ్ళు మండిపోతోంది. ఊదావి చవగ్గా దొరికాయని మేనేజరు రెండు అట్టపెట్టెల సరుకు దింపించి, స్వయంగా కూర్చుని, ఒక్కో డబ్బా మీదా 'నీలం' అని చీటీ అంటించాడు. నీలానికి గిరాకీ ఎక్కువ. కొనేవాళ్ళకు తెల్లకాగితం మీదే వేసి చూపించాలని హుకుం జారీ చేశాడు. కాగితం తెల్లగా మెరవడానికి ఏదో మందు కలుపుతారు; ఊదా వెలుగు తగిలితే ఆ మందు నీలంగా మెరుస్తుంది. చూసినవాళ్ళు నీలమే అనుకుని పట్టుకుపోతారు.

పొద్దున బయల్దేరుతుంటే, ఆమె సంపాదన మీదే బతుకుతున్న పెద్దక్క గుమ్మంలో నిలబడి, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే. ఈ ఉద్యోగం పోతే నీకింకెవడిస్తాడు?" అంది. అదీ నిజమే. ఒంటికంటి మనిషిని కొత్తగా ఏ కొట్టువాడు పెట్టుకుంటాడు?

మధ్యాహ్నం దాటాక బడి టీచరు ఒకామె వచ్చింది. చేతివేళ్ళకు సుద్దముక్క పొడి ఇంకా అంటుకునే ఉంది.

"గోడ మీద మ్యాపు చూపించడానికి నీలం లేజరు కావాలండీ. నలభై మంది పిల్లలు, వెనకవాళ్ళకు కర్ర అందడం లేదు."

మేనేజరే ముందుకొచ్చి తెల్లకాగితం మీద వేశాడు. నీలం చుక్క పడింది. టీచరు దాన్ని తీసుకుని దూరంగా ఉన్న సిమెంటు గోడ మీద వేసింది.

"మసగ్గా ఉందే! పోనీలెండి, అదీ మంచిదే. మా పిల్లలు కోతులు. ఒకళ్ళ మొహాన ఒకళ్ళు వేసుకున్నా భయముండదు."

"అస్సలుండదు మేడం" అన్నాడు మేనేజరు.

టార్చక్క పొద్దున పెద్దక్క అన్న మాట తలుచుకుంది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. నలభై మంది అంటే ఎనభై కళ్ళు. ఇక ఆమె వల్ల కాలేదు. కింద ఉన్న అట్టపెట్టె నుంచి గోధుమరంగు ముక్క ఒకటి పర్రున చింపింది.

"అమ్మా, ఒక్కసారి దీని మీద వేయండి."

నీలం చుక్క కనబడలేదు. అట్ట మీద పలచటి ఊదా మచ్చ పడింది.

"ఇదేంటి, రంగు మారిపోయింది?"

"మారలేదమ్మా, దాని రంగే అది. అసలు నీలం కాగితం మీదా నీలమే, అట్ట మీదా నీలమే. ఇది కంటికి ఆనదు గానీ కన్ను తీసేస్తుంది."

మేనేజరు నవ్వేశాడు. "అక్కకు ఒక కన్ను సరిగ్గా లేదు మేడం. రంగులు తెలియవు."

"నా కళ్ళతో పనేముంది సార్? టీచరమ్మకి రెండూ ఉన్నాయి. పిల్లలకీ ఉండాలనే నా గోల."

టీచరు లైటు బల్ల మీద పెట్టేసింది. "నలభై మంది పిల్లలని చెప్పాను కదండీ మీకు" అని మేనేజరుతో అని వెళ్ళిపోయింది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు.

టార్చక్క కోటు విప్పి మడతపెట్టింది. ఇంటికెళ్ళి పెద్దక్కకేం చెప్పాలో తోచలేదు. అయినా కోపం మాత్రం ఇంతైనా తగ్గలేదు.

"ఫిర్యాదుల పుస్తకం ఇవ్వండి సార్."

"అది కొనేవాళ్ళకి. పనివాళ్ళకి కాదు."

ఆమె వెళ్ళి బిల్లుల దగ్గర అందరితోపాటు వరుసలో నిలబడింది. రెండు పెన్సిలు బ్యాటరీలు కొంది. రసీదు చూపించింది. బిల్లులు కొట్టే అమ్మాయి మేనేజరు వైపు చూడకుండా పుస్తకం తీసి ఇచ్చింది. పేజీలకు అంకెలు వేసిన పుస్తకం, చింపితే తెలిసిపోతుంది. ఎడమ కన్ను మూసుకుని, ఒత్తి ఒత్తి రాసింది.

'ఇక్కడ నీలం అని అమ్ముతున్నవి ఊదా లేజర్లు. అట్ట మీద వేసి చూడండి. మసగ్గా ఉందని లోపలికి మాత్రం చూడకండి. నేను చూశాను.'

కింద సంతకం పెట్టి, కొనేవాళ్ళు వచ్చీపోయే వీధి తలుపులోంచే బయటికి నడిచింది.

ఫ్యాను గాలికి పేజీ రెపరెపలాడింది గానీ తిరగలేదు. దాని మీద, కట్టైనా విప్పని రెండు కొత్త బ్యాటరీలు బరువుగా కూర్చుని ఉన్నాయి.