కిటికీకి జబ్బు చేసింది

బొయకా కొండల్లో ఏప్రిల్ వానలు పట్టుకుంటే ఆకాశానికి తూటు పడ్డట్టే. చేలో పని ఉండదు, ఒంటి మీద బట్ట ఆరదు. ఊరంతా పొయ్యిల చుట్టూ మోకాళ్ళు ఆనించుకుని కూర్చుని, ఒకరి జలుబు ఒకరు పంచుకుంటుంది. నేరం మాత్రం గాలిది.

కుస్తోదియో కూతురు నూబియాకు ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులైంది. బాలింత నలభై రోజులు గది దాటకూడదు, రోజూ కోడిపులుసు తాగాలి, గాలి సోకకూడదు. కుస్తోదియో భార్య పోయినప్పటి నుంచి ఇంటి పెత్తనం చేస్తున్న వదినగారు ఎదెల్మీరా కిటికీ సందుల్లో పాత కంబళి ముక్కలనూ, నూబియా చెవుల్లో దూదినీ ఒకే పట్టుదలతో కుక్కింది. ఎందుకైనా మంచిదని మంచం కింద ఒక ఉల్లిపాయ కూడా పెట్టింది.

గాలికి దారి మూసిన ఆ గదికి మనుషుల దారి మాత్రం మూయలేదు. వాన కురుస్తోంది, ఊళ్ళో అంత వెచ్చని గది మరొకటి లేదు, పైగా కోడిపులుసు. తొమ్మండుగురు చేరారు. పొరుగింటి సెనోబియా బిడ్డ మొహం మీద తుమ్మి, ఆ తరువాత దీవించింది.

"చూశావా, తలుపు తీసుకుని వచ్చావు కదా, గాలి కొట్టింది," అంది ఎదెల్మీరా.

"మూడు రోజుల్నుంచీ కొడుతోందక్కా. ఇంట్లో ఏడుగురికీ కొట్టింది. మంచం దిగని మా అత్తను కూడా వదల్లేదు, పాపిష్టి గాలి."

మంచం దిగని ముసలమ్మ దగ్గరికి గాలి ఎవరి ముక్కెక్కి వెళ్ళిందో కుస్తోదియో అడగలేదు. ఆయన మాటల మనిషి కాదు. పై ఊళ్ళో రెండు నెలల పసివాడు జలుబుతో మొదలై, ఊపిరందక, పట్నం ఆసుపత్రిలో ఇంకా గొట్టాలతో ఉన్నాడు. ఆయన కళ్ళు మనవరాలి ముక్కుపుటాల మీదే ఉన్నాయి.

"వదినా, కిటికీ కాస్త తీద్దాం."

"తీసి?"

"వానల్లో దుంపల కొట్టుకు తీస్తాం కదా. మూసిపెడితే ఒక్క కుళ్ళు దుంప చాలు, ఆదివారానికి గుట్టంతా పోతుంది."

"నా మనవరాలు బంగాళాదుంపా మరిదీ?"

గదంతా నవ్వింది. తొమ్మిది నోళ్ళూ బార్లా తెరిచి, బిడ్డను మధ్యలో పెట్టుకుని నవ్వింది.

"ఆరోగ్య కేంద్రం నర్సు కూడా ఆ మాటే అంది," అన్నాడు కుస్తోదియో.

"ఆ పిల్లది ఎండల దేశం. చలి సంగతి దానికేం తెలుసు? మగాడివి, దుంపలు చూసుకో."

మర్నాడు తెల్లవారగానే ఆయన చూసుకున్నాడు. కూతురి మంచాన్ని కిటికీకి దూరంగా ఉన్న మూలకు జరిపి, తల్లీబిడ్డలకు మూడు కంబళ్ళు కప్పి, కిటికీ రెక్కలను మేకులతో సహా ఊడదీశాడు. నూబియా ఒక చెవిలో దూది తీసింది.

"ఏంటి నాన్నా ఇది?"

"కిటికీకి జబ్బు చేసిందమ్మా. వైద్యానికి తీసుకెళ్తున్నా."

వడ్రంగి రెక్కలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమైంది దీనికి?"

"ఏమీ కాలేదు."

"ఎప్పటికి కావాలి?"

"మనవరాలికి నలభై నిండాక."

ఇంటికొచ్చేసరికి ఎదెల్మీరా గుమ్మంలో శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "వడ్రంగి పనికి మంచి వేళే చూసుకున్నావు. నేనీ గదిలో కాలు పెట్టను. ఆ గాలి కొడితే మూతి వంకర పోతుంది."

ఆ మూతి భయం ఊరంతటికీ ఉంది. పులుసు గిన్నె గడప దగ్గరికే వచ్చేది, నూబియా లేచి తీసుకునేది. వచ్చినవాళ్ళు వంటింట్లో తలుపులు బిగించుకుని, భుజాలు రాసుకుంటూ బాలింతను పరామర్శించేవారు. వారం తిరక్కుండా ఒకరి తరువాత ఒకరు దగ్గారు. ఎదెల్మీరాకు గొంతు పూర్తిగా పోయి, ఇల్లు నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంది. తప్పు ఆ బోసి కిటికీదేనని ఆవిడ సైగలతో చెప్పింది. అది ఇంటికి అవతలి కొసన ఉంది.

నలభయ్యో నాటికి బిడ్డ ఒక్క తుమ్మూ తుమ్మకుండా బుగ్గలు పెంచింది. కుస్తోదియో రెక్కలు బిగిస్తుంటే, గొంతు తిరిగొచ్చిన ఎదెల్మీరా గడప దాటి వచ్చి అందరికీ చెప్పింది.

"ఆ మహానుభావుడు కిటికీ పీకి పోయినా, నా ఉల్లిపాయే పిల్లను కాచింది."

కుస్తోదియో వంగి మంచం కింద చూశాడు. ఉల్లిపాయ జానెడు పచ్చగా మొలకెత్తింది.

"అవును వదినా," అన్నాడు. "దానికీ గాలి బాగా పడింది."