కృపమ్మ పెట్టిన నిమిషాలు

మా కారు గడియారం ముందుకు నడిచేది. నా భార్య కృపమ్మ పెట్టింది అలా. ఆలస్యంగా వచ్చిన పిల్లలతో ముప్పై ఏళ్లు గుంజీలు తీయించిన అయ్యవారిని నేను. చర్చికి మాత్రం ఏనాడూ వేళకు చేరింది లేదు. గడియారం ఎనిమిదిన్నర అంటే బయలుదేరాల్సిందే అని ఆమె కట్టడి చేశాకే దారికొచ్చాను.

"ఎంత ముందు పెట్టినావ్?" అంటే, "చెప్తే అన్ని నిమిషాలూ లెక్కలోంచి తీసేసుకుంటావ్‌లే" అనేది.

ఫోను పక్కన పెట్టి చూస్తే తెలిసిపోయేది. ఆమె ఉన్నన్నాళ్లూ పంతానికి చూడలేదు. పోయాక చూడబుద్ధి కాలేదు.

ఈ ఆదివారానికి ఆమె పోయి ఏడాది. నంద్యాల చర్చిలో తొమ్మిదిన్నరకు, ఆరాధన మొదట్లోనే ఆమె పేరు చదువుతామన్నారు పాస్టరు అయ్యగారు. శనివారం ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు కారు తీయబోతే స్టార్ట్ కాలేదు. బ్యాటరీ కొనల మీద తెల్లగా పొడి పేరుకుంది. మెకానిక్ వెంకటేష్‌కు ఫోన్ చేశాను.

"వైర్లు పీకి, వేణ్ణీళ్లలో సోడా ఉప్పు ఏసి తోముకో సార్. మైనస్‌ది ముందు పీకు. మళ్ల తగిలిచ్చినంక రేడియో స్టేషన్లు పోతాయి, టైము పోతాది, ఇంజను కొంచేపు వణుకుతాది. భయపడాకు."

ఇంజను గురించి రెండుసార్లు అడిగాను. టైము మాట చెవికెక్కలేదు, అంత ఘనుణ్ని.

తోమాను. బిగించాను. కారు ఒక్కపెట్టున స్టార్ట్ అయింది. గడియారంలో పన్నెండు మిణుకుమిణుకుమంటోంది. ఆమె పోయాక కూడా నన్ను తరుముతూ ఉన్నది ఆ గడియారం ఒక్కటే. చేజేతులా తుడిచేశాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

నంద్యాలలో ఉన్న మా అమ్మాయి నిర్మలకు ఫోన్ చేసి, "మీయమ్మ ఎన్ని నిమిషాలు ముందు పెట్టిందో నీకేమన్నా తెలుసామ్మా?" అని అడిగాను.

"నాకేం తెలుసు నాయనా? పది పెట్టుకో. అంతే ఉంటాది."

పదో, పదిహేనో, ఏడో, ఇక ఎవరినడగాలి? పది పెట్టాను.

ఆదివారం పొద్దున కారు తుడుస్తూ చూస్తే ఎనిమిదిన్నర. అసలు ఎనిమిదీ ఇరవయ్యే కదా అని ఇంట్లోకి పోయి ఇంకో టీ పెట్టుకున్నాను. తీరిగ్గా తాగాను. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డమొచ్చినా, ఇంకా పది నిమిషాలుందిలే అనుకున్నాను. టీ తాగేటప్పుడే ఆ పదీ వాడేసుకున్న సంగతి గుర్తే లేదు.

చర్చి గుమ్మంలో నిర్మల నిలబడి ఉంది, కళ్లు ఎర్రగా.

"ఇప్పుడే చదివినారు నాయనా."

లోపల పాట మొదలైంది. వెనక బెంచీలో కూర్చున్నాను. చెప్తే తీసేసుకుంటానని ఆమెకు తెలుసు.