మూడేళ్ళ సున్నా

అడవి ఆఫీసులో అందరూ ఆయన్ని పాముచెవులాయన అంటారు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన పని పిట్టల్ని లెక్కపెట్టడం. కళ్ళతో కాదు, చెవులతో. గుర్తు వేసిన ఇరవై చెట్లలో ఒక్కోదాని కింద పది నిమిషాలు నిలబడాలి, ఏ కూత వినబడితే దాని గడిలో గీత పెట్టాలి. బొటనవేలంత పిట్టని ఆకుల్లో చూసి లెక్కపెడతానని ఎవడైనా అంటే వాడు కోతలరాయుడే.

ఆ బొటనవేలంత పిట్ట కొండ తూర్పు వాలు మీద ఉండేది. ఆకుల అడుగున తలకిందులుగా వేలాడుతూ నలుసుల్లాంటి పురుగుల్ని ఏరుకు తింటుంది. తెల్లారింది మొదలు తింటూనే ఉండాలి, లేకపోతే చలికి తట్టుకోలేదు. చూస్తేనే అలుపొచ్చే బతుకు. మూడేళ్ళుగా దాని గడిలో ఆయన సున్నా చుడుతున్నాడు. పిట్టే లేనప్పుడు ఆ చెట్లెందుకని, సోమవారం నుంచి వాలంతా నరకడానికి అనుమతి ఇచ్చేశారు. ఇవాళ శుక్రవారం, ఆఖరి లెక్క.

ఆయన మోకాళ్ళు మొరాయిస్తున్నాయని సంచి మోయడానికి అక్క వెంట వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తమ్ముడికంటే చురుగ్గా ఎక్కుతూ దారిపొడుగునా దెప్పుతూనే ఉంది. మూడో చెట్టు దగ్గర ఆయన మామూలుగా సున్నా చుట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"అదేంట్రా, అంత సన్నగా కూస్తుంటే సున్నా పెడతావు?"

కూతా లేదు గీతా లేదన్నాడు. ఆమె చూపించిన కొమ్మవైపు విసుగ్గా దుర్భిణి ఎత్తాడు. పిట్ట ఉంది. ముక్కు తెరుచుకుని ఉంది, గొంతు వణుకుతోంది. చప్పుడు మాత్రం లేదు.

ఆయన అక్కడే కూలబడ్డాడు. పోయింది పిట్ట కాదు, తన చెవి. కాకి గోల, అక్క దెప్పులు శుభ్రంగా వినబడుతుంటే అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? అన్నిటికంటే సన్నటి కూత ఒక్కటే చెప్పకుండా జారిపోయింది. ఆ సున్నాలు చూసేగా వాలు నరుకుతున్నారు. సిగ్గుతో తల వాలిపోయింది. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది, పింఛనుకింకా ఏడాది ఉంది. ఆ కాస్త ఏడాదీ ఎలాగో నెట్టుకొద్దామనుకున్న ప్రాణం.

"నువ్వు నోరు విప్పకపోతే ఎవరికీ తెలీదు," అంది అక్క, పక్కన కూర్చుంటూ. "నేనూ చెప్పను."

ఆయన చెట్టు పట్టుకుని లేచాడు. మళ్ళీ మొదటి చెట్టు దగ్గరికి పదమన్నాడు. ఆమె వేలెత్తినప్పుడల్లా ఆయన గీత పెట్టాడు. ఇరవయ్యో చెట్టు దగ్గరికొచ్చేసరికి గీతలు ముప్పై ఏడయ్యాయి.

ఆఫీసులో అధికారిణి ఆ కాగితం రెండుసార్లు చదివింది. కింద ఆయన చేతిరాతతో, ఈ లెక్క తన అక్క చెవులతో చేసిందనీ, మూడేళ్ళ సున్నాలు తన చెవుడు వల్ల పడినవనీ ఉంది. ఆవిడ కుర్చీ జరిపి కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది.

"ఇది నేను తీసుకుంటే సోమవారం నుంచి మీరు పనికి రాకూడదండీ. తెలుసుగా?"

"తెలుసమ్మా," అన్నాడు. "నరికేవాళ్ళని కూడా రావద్దని చెప్పండి."