శ్రమ దినాల గొంతు

పొద్దున్నే తాజ్ బీ కూరగాయల బండి మెదక్ చర్చి కాంపౌండ్ గేటు దగ్గర ఆగగానే ఎలిశిబా టీచర్ సంచి పట్టుకుని వచ్చి బేరం మొదలుపెడుతుంది. ఆ రోజు కూడా అంతే. "ఇరవైకి ఇస్తవా లేదా? నిన్న రాందాస్ చౌరస్తాల..." అంటుండగానే గొంతు పోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు.

తాజ్ బీ తక్కెడ కింద పెట్టింది. "ఎవరో చదివించుకుంటున్నట్టున్నరు. అయ్యేదాంక గీ బెండకాయలు ఏరుకోండ్రి, టీచరమ్మా," అంది. పావుగంటకు గొంతు తిరిగొచ్చింది. బేరం ఆగిన చోటు నుంచే సాగింది.

పన్నెండేళ్లుగా ఇదే వరస. ఎలిశిబా తమ్ముడు మోసెస్‌కి బస్టాండు దగ్గర కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. ఫోనులో ఉన్న తెలుగైనా, కెమెరా ముందు పెట్టిన పుస్తకమైనా చూపులేనివాళ్లకు చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి రాసి, "ఇనుకో" అని పేరు పెట్టి నెట్‌లో ఉంచాడు. పైసా ఇవ్వక్కర్లేదు. ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, లోపలి రాతంతా చూసి మార్చుకోవచ్చు. దానికి గొంతు కావాల్సి వచ్చి అక్కను కూర్చోబెట్టాడు. ఫ్యాను ఆపి, గోడలకు బొంతలు కట్టి, ఒక్కో శబ్దం చొప్పున నలభై రోజులు పలికించాడు. అప్పటి నుంచి ఎక్కడ ఎవరు ఇనుకో తెరిచినా ఎలిశిబా గొంతు అక్కడికి వెళ్లిపోతుంది. వాళ్లు ఆపగానే ఇంటికొస్తుంది.

ఒక్క పొరపాటు జరిగింది. ఆ నలభై రోజులూ ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు. రోజూ సిలువ ధ్యానాలకు పోయి, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి మైకు ముందు కూర్చునేదామె. అందువల్ల ఇనుకో ఉల్లిగడ్డల ధర చదివినా గుడ్ ఫ్రైడే ప్రసంగంలాగే ఉంటుంది. జోకులు చదివితే వినేవాళ్లు ముక్కు చీదుకుంటారు.

నిరుడు మోసెస్ చేతులు వణకడం మొదలైంది. కొత్త ఫోను వచ్చినప్పుడల్లా ఇనుకోను సరిచేయాలి, లేకపోతే ఆగిపోతుంది. కీబోర్డు మీద వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడుతోంది. తన తర్వాత దాన్ని చూసుకునేవాళ్ల కోసం అతను అడగని చోటు లేదు. ఒక సంస్థ, చూసుకోవడానికి కనీసం ముగ్గురుంటేనే తీసుకుంటామంది. ఇంకొకరు ఎంతమంది వాడుతున్నారని అడిగారు. అరవైమంది అని రాస్తే మళ్లీ జవాబు లేదు. హైదరాబాదులో ఒక కాలేజీ పిల్లలు తీసుకున్నారు గానీ, పరీక్షలయ్యాక వాళ్లు ఫోను కూడా ఎత్తలేదు.

చివరికి ఒక పెద్ద సొసైటీ ఒప్పుకుంది. ఆ ఉత్తరం చదివి మోసెస్ అక్క ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"ప్రోగ్రాం తీసుకుంటరంట, అక్కా. గొంతు మాత్రం వద్దంట. కొత్తది పెట్టుకుంటరంట."

"నా గొంతుకేమైందిరా?"

"ఏడుపున్నదంట."

ఎలిశిబాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అడిగింది, "ఇయ్యకపోతే?"

"నా చేతులు పూర్తిగా పడిపోయిన దినం అందరికీ బందే."

"ఇచ్చెయ్," అని లేచి, పని లేకపోయినా వంటింట్లోకి పోయింది.

అరవై ఫోన్లలోకి కొత్త గొంతు వచ్చేసింది. ఎలిశిబా గొంతు ఇంటి పట్టున ఉండిపోయింది. టీచరమ్మకు నయమైందని కాంపౌండంతా సంతోషించింది. ఆమెకు మాత్రం ఆ రోజులు నరకంలా గడిచాయి. మాట మధ్యలో ఆగి, గొంతు పోతుందేమోనని ఆశగా చూసేది. పోయేది కాదు. తనతో ఎవరికీ పని లేదని ఆమెకు రోజూ కొత్తగా తెలిసొచ్చేది.

అయితే ఒక్కరు మాత్రం మిగిలారు. టేక్మాల్‌లో లక్ష్మయ్య అని రిటైరైన పోస్ట్‌మ్యాన్. షుగరుతో చూపు పోయింది. కొత్త గొంతు వద్దే వద్దని మోసెస్‌తో ఫోనులో కొట్లాడి, టీచరమ్మ గొంతు వచ్చిపోయే సంగతంతా అతని నోటే విని, పాతదే ఉంచుకున్నాడు. రోజూ సాయంత్రం ఐదింటికి అరగంట సేపు ఎలిశిబా గొంతు పోయేది. ఆ అరగంటా ఆమె గేటు దగ్గర స్టూలు వేసుకుని హాయిగా కూర్చునేది.

ఒక సాయంత్రం ఐదు దాటినా గొంతు పోలేదు. ఆరైనా పోలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె టేక్మాల్ బస్సెక్కింది.

లక్ష్మయ్య బతికే ఉన్నాడు. ఫోనే నీళ్లబకెట్లో పడి చచ్చింది. కొడుకు కొత్త ఫోను తెచ్చాడు, అందులో కొత్త గొంతు.

"గామె పెండ్లిల మైకు పట్టుకున్నట్టు చదువుతది, టీచరమ్మా. నాకు నీ ఏడుపే అలవాటైంది."

"యాడిదాంక అయింది?" అంది ఎలిశిబా.

అతను పరుపు కింద నుంచి నిజాం కాలం ముచ్చట్ల పుస్తకం తీశాడు. తడిమి, మడతపెట్టిన పేజీ చూపించాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చదవసాగింది. లక్ష్మయ్య కళ్లు మూసుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఆమె మనసు మళ్లీ కుదుటపడింది. రోజూ బస్సులో వచ్చి పోవచ్చు, ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. రెండో పేజీ సగంలో ఉండగా గొంతు పోయింది.

ఎలిశిబా నిర్ఘాంతపోయింది. పాత కాపీ ఎవరి దగ్గరుంది? ఎవరు తెరిచారు? లక్ష్మయ్య చెయ్యి చాచి వెతుక్కుంటే తన చెయ్యి అందించింది.

"ఎవరో చదివించుకుంటున్నరా? కానియ్యి, టీచరమ్మా. నాకేం పని?" అన్నాడతను.

ఇద్దరూ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మెదక్ ఆఖరి బస్సు పోయింది. గొంతు రాలేదు. తెల్లారినా రాలేదు, ఆ నెలంతా రాలేదు. మోసెస్ వణికే వేళ్లతో నెట్ అంతా గాలించాడు గానీ, కాపీ ఎవరి దగ్గరుందో ఆచూకీ దొరకలేదు. అక్క మళ్లీ మాట్లాడదేమోనని దుకాణంలో ఒంటరిగా ఏడ్చాడు. లక్ష్మయ్య పుస్తకం ఆ సగం చదివిన పేజీ దగ్గరే ఆగింది.

అతను మాత్రం ప్రతి ఆదివారం మోసెస్‌కి ఫోన్ చేస్తాడు.

"టీచరమ్మకు గొంతు వచ్చిందా?"

"రాలేదు, తాతా."

"అయితే యాడ్నో చదువుతనే ఉన్నది," అని ఫోన్ పెట్టేస్తాడు. మోసెస్ తలెత్తి చూస్తే, అక్క పక్కనే నిలబడి ఆ మాట వింటూ ఉంటుంది.