పాకం గది తెరిచిన వేలు

మా మిఠాయి కంపెనీ యజమాని ముత్తురామన్ మొదలాళి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పి, "నువ్వే చదువు పాపా," అన్నాడు.

గురువారం ఉదయం పాకం గది తలుపు తెరుచుకుంది. తెరిచిన వేలు పళనిసామిది. పళనిసామి మా నాన్న. ఆ రోజు ఆయన సెలవులో ఉన్నాడు. బ్యాంకు పరీక్ష రాయడానికి నేను విరుదునగర్ వెళితే, తోడుగా వచ్చి గేటు బయట కూర్చున్నాడు.

"నాయన నాతోనే ఉండె మొదలాళీ."

"తెలుసు. అందుకే అడుగుతాండా. మనిషి ఆడ, వేలు ఈడ. ఎట్లా?"

కోవిల్‌పట్టిలో కడలమిఠాయి కంపెనీలు వీధికొకటి. వేరుశెనగలు అందరివీ ఒకటే, తేడా అంతా బెల్లం పాకంలోనే. విరుదునగర్‌లో ఎవరో కొత్తగా చేస్తున్న మిఠాయి అచ్చం మాదానిలాగే ఉందని విన్నప్పటి నుంచి మొదలాళికి ఎవరి మీదా నమ్మకం లేదు. పాకం గదికి వేలిముద్ర తాళం పెట్టించాడు. దాన్ని తెరవగలిగేది ఇద్దరే: ఆయన, పాకం మేస్త్రి అయిన మా నాన్న.

"వేలిని మైనంలో అచ్చు తీసి అమ్ముకుంటారంట, ఫోన్లో చూస్తిని. మీ నాయన అట్లాంటోడు కాదని సోమవారం లోపల నువ్వే కనుక్కొని చెప్పు. లేదంటే నేను వేరే మేస్త్రిని చూసుకుంటా."

నేను అదే కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. చదివించిన మనిషిని ఆ సాయంత్రం నుంచి దొంగను చూసినట్టు చూడటం మొదలుపెట్టాను. ఆయనకు ఫోను వస్తే నా చెవి అటే. నేను పరీక్ష రాస్తున్నంతసేపూ ఆయన నిజంగా గేటు దగ్గరే ఉన్నాడా? అక్కడ లోపలికి పంపే ముందు నా వేలు మెషిన్ మీద పెట్టమంటే ఆయన వంగి మరీ చూశాడు. తిరుగు బస్సులో అడిగాడు కూడా.

"వేలు పడలేదంటే లోపలికి ఇడవరా బిడ్డా?"

"ఇంకో వేలు పెట్టమంటారు నాయనా."

"అదీ పడలేదంటే?"

అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ మాట ఎందుకు అడిగాడా అని లెక్కలేస్తున్నాను.

ఆదివారం అమ్మ పొయ్యి మీంచి దించిన కాఫీని చున్నీతో పట్టుకుని తెచ్చాను. స్టీలు గ్లాసును నాన్న ఒట్టి చేత్తో అందుకుని తాపీగా మాట్లాడుతూనే ఉన్నాడు.

"కాలలేదా నాయనా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆయన చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పాను. మా మేస్త్రీలు కాగే పాకంలో వేలు ముంచి, వెంటనే చన్నీళ్ళలో పెట్టి, అంటుకున్నదాన్ని విరిచి చూస్తారు. టక్కుమంటే దించాలి. నేను పుట్టకముందు నుంచీ అలా ముంచిన వేళ్ళు గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు.

"మరి మెషిన్లో ఉండేది ఎవరి వేలు?"

నాన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నాది."

అమ్మ చెల్లమ్మాళ్ పాకం గది పక్కనే మిఠాయి పొట్లాలు కడుతుంది. మొదలాళి తన వేలు పెట్టి వెళ్ళిపోయాక, తాళం బిగించినవాడు నాన్న వేళ్ళన్నీ నొక్కి చూసి, ఒక్కటీ పడక, "ఏదో ఒక వేలు పెట్టండయ్యా, నా బస్సు పోతాది," అని విసుక్కున్నాడట. అమ్మ తన వేలు పెట్టింది.

"నాయన లేని దినం లోపలికి ఏంటికి పోతివి?"

"ముందునాడు నానబెట్టిన బెల్లం పులిసిపోదా? కాచి దించితిని."

"పాకం ఎవరు చూసిరి?"

"దినమూ చూసేది ఎవరంట?" అనేసి నాలుక కరుచుకుంది.

నాన్న తల దించుకున్నాడు. వేడి తెలియని వేళ్ళకు పాకమూ తెలియదని నాకు అప్పటికి అర్థమైంది.

"చెప్పొద్దు బిడ్డా," అంది అమ్మ. "మేస్త్రీ అని పిలవకపోతే ఈ మనిషి ఏమయిపోతాడు?"

"చెప్పకపోతే దొంగ అని పిలుస్తారమ్మా."

సోమవారం ముగ్గురం వెళ్ళాం. అమ్మ వేలు పెట్టింది. తాళం మీది చిన్న తెరలో నాన్న పేరు వెలిగి, తలుపు తెరుచుకుంది.

మొదలాళి అమ్మను, నాన్నను మార్చి మార్చి చూశాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను అమ్మింది ఎవరి పాకం?"

"బాగుండలేదా మొదలాళీ?" అంది అమ్మ.

ఆయన నమ్మలేదు. ఎదురుగా నిలబడి పాకం కాయించాడు. అమ్మ వేలు ముంచింది, నీళ్ళలో పెట్టింది, విరిచింది. టక్కుమంది. ఆ ముక్కను ఆయన నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"సరి. ఆ వేలుని ఆయమ్మ పేరుకే మార్చు. మెషిన్లో వేలు లేనోడు ఇంక లోపలికి పోగూడదు."

అమ్మ పేరు కొట్టి వేలు పెట్టించాను. మెషిన్ ఒప్పుకోలేదు. ఈ వేలు ఇదివరకే ఉందట, పళనిసామిని తీసేయాలా అని అడుగుతోంది. నా చెయ్యి కదలలేదు. మొదలాళి నా భుజం మీదుగా చూస్తున్నాడు.

నాన్న ముందుకు వచ్చి తన నున్నటి వేలితో తెరను నొక్కాడు. పేరు పోయింది.

"దీనికి మాత్రం పడె, చూస్తివా?" అన్నాడు.

అమ్మ తన పేరు మీద తలుపు తెరిచింది. లోపలికి పోలేదు. తలుపును నడుముతో ఆనించి నిలబడింది.

"బెల్లం తట్ట నేనొక్కదాన్నే ఎత్తేదా? రా."

నాన్న మొదలాళి వైపు చూశాడు. మొదలాళి చూడనట్టే తన కంప్యూటర్ వైపు వెళ్ళిపోయాడు.