ఐదు తర్వాత ఆరు

బేకరీ పైన హాల్లో జరిగే యోగా క్లాసుకి మొదట్లో ఇరవై ఇద్దరు వచ్చేవాళ్లు. ఇప్పుడు తొమ్మిది మంది మిగిలారు. మిగతావాళ్లకి ఒక్కొక్కరుగా జ్వరాలూ, చుట్టాలూ, పంటి నొప్పులూ వచ్చిపడ్డాయి. ఆ కబుర్లన్నీ టీచర్‌కి చేరవేసే పని గుసగుసది. పదిహేనేళ్ల ఆ పిల్ల గొంతు పక్కవాళ్లకి కూడా వినబడదని వాళ్ల పిన్ని పెట్టిన పేరది. ఎవరేం చెప్పమన్నా కాదనదు, ఎదురు ప్రశ్న వేయదు. అబద్ధాలు మోయడానికి అంతకంటే అనువైన పిల్ల ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఉదయం పిన్ని కూడా మెట్ల దగ్గర ఆగిపోయింది.

"నేను రాలేనే. మిషన్ దగ్గర బట్టలు గుట్టలుగా పడున్నాయని చెప్పు."

"నిన్ననే అన్నీ కుట్టేశావుగా పిన్నీ."

"నోట్లో నాలుక లేదనుకున్నా, బాగానే ఉందే! నా కాళ్లు నా మాట వినట్లేదు తల్లీ. మోకాళ్లు వంచి నిలబెట్టి లెక్కపెడుతూ ఆవిడ నాలుగంటుంది, ఐదంటుంది, అంతలో ఎవరిదో మోకాలు సర్దడానికి వెళ్లిపోతుంది. ఇక ఆరు వచ్చేదెప్పుడు? నేను లేచేదెప్పుడు?"

"ఆ మాటే ఆవిడకి చెప్పొచ్చుగా?"

"అంత మంచి మనిషితోనా? నావల్ల కాదమ్మా."

ఇంకొక్కరు మానేసినా క్లాసు మూసేస్తానని టీచర్ నిన్ననే అంది. "నాకు చెప్పడం చేతకావట్లేదేమో" అని కూడా అంది. రోజంతటిలో "నువ్వు మాట్లాడవేం?" అని ఎవరూ అడగని గంట గుసగుసకి అదొక్కటే. ఆ గంట కూడా పోతే ఎలా?

పైన టీచర్ చాపలు పరుస్తోంది. బేకరీ బాబాయి అప్పటికే వచ్చి నడుం వంచుతున్నాడు.

"మీ పిన్నేదమ్మా?"

బట్టల గుట్ట నాలుక చివరిదాకా వచ్చింది. గుసగుస దాన్ని మింగేసింది.

"పిన్నికి పనేం లేదండీ. ఎవరికీ జ్వరాలు కూడా రాలేదు. మీకు... ఐదు తర్వాత ఆరు రావట్లేదు."

"ఏం రావట్లేదూ?"

"లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలబెడతారు కదండీ. ఐదు అని ఎవరినో సరిచేయడానికి వెళ్తారు. మేమందరం అలాగే ఉండిపోతాం. మీరు బాగా చెప్తారు. నా వీపు మీవల్లే నిటారయింది. కానీ ఆరు మాత్రం రాదు."

టీచర్ మొహం చిన్నబోయింది. బేకరీ బాబాయి వంచిన నడుం ఎత్తకుండా నేలనే చూస్తున్నాడు.

"పదకొండేళ్లుగా చెప్తున్నాను. ఒక్కరూ అనలేదే," అంది టీచర్. చేతిలో చాప కింద పెట్టి, "సరే, ఇవాళ లెక్క నువ్వు పెట్టు. నేను వీళ్లలో నిలబడతాను. చూద్దాం," అంది.

అందరూ వచ్చాక గుసగుస ముందుకెళ్లింది. మోకాళ్లు వంచింది వాళ్లు, వణుకుతున్నది ఈ పిల్ల.

"ఒకటి... రెండు..."

"కాస్త గట్టిగా, అమ్మడూ!" అన్నాడు బేకరీ బాబాయి.

"మూడు! నాలుగు! ఐదు!"

అప్పుడు కనబడింది. టీచర్ కుడి భుజం చెవిదాకా లేచి ఉంది. ఇదే భుజాన్ని టీచర్ రోజూ తనకి దించుతుంది. గుసగుస ఉండబట్టలేక వెళ్లి మెల్లగా దించింది. పక్కనే బాబాయి మడమలు గాల్లో ఉన్నాయి. వాటినీ నేలకి ఆనించింది. ఆ వెనక ఎవరిదో మెడ...

"అమ్మాయ్," అంది టీచర్. గొంతు వణికింది, తొడలు వణికాయి. "ఆరు అనవే తల్లీ! చచ్చిపోతున్నా!"

ఎవరు ముందు నవ్వారో తెలియదు. హాలంతా చాపల మీద కూలబడింది. టీచర్ వెల్లకిలా పడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఇన్నాళ్లూ మీరు పడ్డది ఇదా?"

"ఇవాళ నయం మేడం," అన్నాడు బాబాయి. "మొన్న మీ ఆరు వచ్చేసరికి కింద నా రొట్టెలు బొగ్గయిపోయాయి."

"నేనూ మర్చిపోయానండీ," అంది గుసగుస, చెవులదాకా ఎర్రబడి. "భుజం అలా కనబడితే చెయ్యి ఆగలేదు."

"అదేనే నా జబ్బు! అయితే భుజాలు నాకొదిలెయ్. లెక్క నీది, రేపట్నుంచి రోజూ."

ఆ నవ్వులకి మెట్ల మీద కూర్చున్న పిన్ని లేచొచ్చి తలుపులోంచి తొంగిచూసింది.

"బట్టల గుట్ట ఏమైందండీ?" అనడిగాడు బాబాయి. మెట్ల దగ్గరి మాటలు ఆయన చెవినపడ్డాయన్నమాట. పిన్ని నాలుక కరుచుకుని తన చాప పరుచుకుంది.

ఆ సాయంత్రం గుసగుస మానేసినవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. ఈసారి కబురు టీచర్ పంపింది. పంటి నొప్పాయన వేయించిన వేరుశనగలు కరకరా నములుతూ తలుపు తీశాడు.

"రేపు రండి," అంది గుసగుస. "ఐదు తర్వాత ఆరు వస్తోంది."

ఆయన నమలడం ఆపి అనుమానంగా చూశాడు. "ఎవరు పెడుతున్నారు లెక్క?"

"నేనే," అంది గుసగుస. ఆ మాట పక్కింటివాళ్లకి కూడా వినబడింది.