మేక నాకిన నాలుగు పలకలు

మార్కాపురం పలకల షెడ్లలో పనిచేసినవాళ్ళలో అంతర్జాతీయ పరిశోధన చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఐదో తరగతి తప్పిన మాట నిజమే, దాన్ని పక్కన పెట్టండి. నా పనిని ప్రపంచంలో పన్నెండు వందల మంది శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో ప్రస్తావించారు. నమ్మకపోతే శివపార్వతిని అడగండి.

శివపార్వతి నాతోపాటు రాయి చీల్చిన ఓబులేసు కూతురు. హైదరాబాదులో కెమిస్ట్రీ పరిశోధన చేసేది. ఆ కెమిస్ట్రీలో గాజు గొట్టాలుండవు, మంటలుండవు. ఏ అణువు దేనితో కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో లెక్కగట్టి ముందే చెప్పడం. గ్లాసు పగలకుండా కెమిస్ట్రీ ఏందమ్మా అని ఓబులేసు దిగులుపడేవాడు.

ముప్పై తొమ్మిదేళ్ళ కిందట ఎండాకాలం సెలవులకు వచ్చి, మా షెడ్డులో ఇంకా చెక్క కట్టు వేయని నాలుగు పెద్ద పలకల మీద మూడు రోజులు లెక్క చేసింది. కాగితం మీద కంటే పలక మీదే బుర్ర కదులుతుందనేది. బలపం పొడి పీల్చి పెరిగిన పిల్ల మరి. ఇప్పటికీ తడి పలక వాసన తగిలితే నాకు ఆ మూడు రోజులే గుర్తొస్తాయి. ఉలి చప్పుడు, రేకుల మీద ఎండ, గోడవారన మోకాళ్ళ మీద కూర్చుని తనలో తాను గొణుక్కునే పార్వతి.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పలక నునుపు తేలగానే బలపంతో గీకి చూస్తాం. బాగా పడితే తుడిచి చెక్క కట్టు బిగిస్తాం. అంటే, గీతలున్న పలక పరీక్ష పాసైన పలక. మూడో రోజు మధ్యాహ్నం పార్వతి అన్నానికి పోయింది. ఆమె ఏ పలకల మీద రాస్తోందో నేను పట్టించుకున్నది లేదు. వచ్చి చూస్తే నాలుగు పలకల నిండా గీతలు. ఎవరో మరీ శ్రద్ధగా పరీక్షించారనుకున్నాను. దొండాకు నలిపి శుభ్రంగా తుడిచి, కట్లు బిగించి, గోడకు చేరవేశాను.

ఆమె తిరిగొచ్చి నిలబడిపోయింది. రెండు రోజుల్లో ఆ లెక్క గైడుకు చూపించాలట. ఓబులేసు మేక వచ్చి నాకిపోయిందని నా నోట్లోంచి ఊడిపడింది. పాపం, ఆ మేకను మళ్ళీ షెడ్డు దరిదాపులకు రానివ్వలేదు.

పార్వతి ఏడవలేదు. పాత దారి పూర్తిగా గుర్తు రాక ఇంకో దారిన మొదలుపెట్టింది. నాలుగు పలకల లెక్క ఒక్క పలకలో తేలింది. అది అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో మార్కాపురం మేకకు కూడా ధన్యవాదాలు చెప్పిందని ఓబులేసు బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

పోయిన నెల పార్వతి వచ్చింది. రిటైరవుతోందట. ఫోన్లో జాబితా చూపించింది. అరవై రెండు వ్యాసాలు, ఒక్కోదాని పక్కన దాన్ని ఎంతమంది ప్రస్తావించారో ఆ అంకె. కొన్నింటికి మూడు, నాలుగు. ఒకదానికి సున్నా, దాని దగ్గరే ఎక్కువసేపు ఆగింది. మేక వ్యాసానికి మాత్రం పన్నెండు వందల పైచిలుకు. లెక్క పొట్టిది కాబట్టి ఎవరి అణువులకు వాళ్ళు వాడుకుంటున్నారట. వచ్చే వారం వీడ్కోలు ఉపన్యాసంలో మేక కథతోనే మొదలుపెడతానంది.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఓబులేసు లేడు, మేక ఏనాడో పోయింది. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంతమంది ముందు ఈ పిల్ల నా అబద్ధాన్ని చదవబోతోంది. చెబితే ఇక నన్ను చిన్నాయనా అని పిలుస్తుందో లేదో.

"మేక కాదమ్మా," అన్నాను. "నేనే తుడిచినా."

ఆమె టీ తాగడం ఆపలేదు.

"మేక చెక్క కట్లు గూడా బిగించిందా చిన్నాయనా?"

ఇన్నేళ్ళలో ఆ కట్ల సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

"తెలిసీ మేక పేరెందుకు రాసినావు?"

"నీ పేరు రాస్తే నీ అబద్ధాన్ని అచ్చులో పట్టిచ్చినట్టయితాది. నువ్వే చెప్తావని చూసినా. ఇంత ఆలస్యం చేస్తావనుకోలా."

ఉపన్యాసంలో ఇక మేకను తీసేసి నా పేరు చెబుతుందట. అందుకని మొదట కొట్టిన గొప్పను కాస్త తగ్గించుకుంటున్నాను. ఆ పన్నెండు వందల మంది ప్రస్తావించింది ఆమె లెక్కను. కృతజ్ఞతలు ఎవరి లెక్కలోకీ రావట. నేను చేసిన పరిశోధనల్లా తుడవడం.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, దొండాకు. ఆ మండుటెండల్లో దొండాకు ఎక్కడ దొరుకుతుంది? ఉమ్మేసి పంచె చెంగుతో తుడిచాను. ఆ సంగతి మాత్రం పార్వతికి ఇంకా చెప్పలేదు.